జీవరాజు మాస్టారి ఎడం చెయ్యి

"తా... తై... తత్... తై... ఏవమ్మా పడగలూ! అలా ఒరిగిపోతారేంటి? పడగ లేవాలమ్మా, పడక వెయ్యకూడదు!"

జీవరాజు మాస్టారు తట్టుకర్రతో చెక్క మీద ఠప్పుమనిపించాడు. కాళింగుడి పడగలుగా వరసకట్టిన నాలుగో తరగతి ఆడపిల్లలు ఉలిక్కిపడి లేచారు. సాయంత్రం స్కూలు వార్షికోత్సవం. రాజమండ్రిలో ఆ నెలంతా ఏ వీధి చూసినా షామియానాలే, ఏ షామియానా చూసినా జీవరాజే. ఈ పూట వంతు టాలెంట్ స్కూలుది. వరండాలో ఓ పక్క తోక ఏడుస్తోంది, ఇంకో పక్క కృష్ణుడు ఇడ్లీ తింటున్నాడు. కృష్ణుడి పేరు సారిక.

యాభై దాటిన మనిషి జీవరాజు. జుట్టు వెనకడుగు వేస్తే పొట్ట ముందడుగు వేసింది. ఆ రెండడుగులూ మాత్రం అతను నేర్పినవి కావు. లాల్చీ మోచేతుల దగ్గర పల్చబడిపోయింది. పాదాలు మాత్రం వయసుకి సంబంధం లేనట్టు, ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టు చురుగ్గా ఉంటాయి.

పిల్లలకి ఎదురుగా నిలబడి నేర్పేవాడు అద్దమైపోవాలి. వాళ్ళ కుడి చెయ్యి లేవాలంటే ఇతని ఎడం చెయ్యి లేవాలి. ఇన్నేళ్ళుగా అలా అద్దంలో బతికి బతికి, అన్నం తినడం తప్ప అతని పనులన్నీ ఎడం వైపు నుంచే మొదలయ్యేవి. ఆటోవాడితో "కుడికి తిప్పు బాబూ" అంటూ ఎడం చెయ్యి చాపేవాడు. నోటిని నమ్మాలో చేతిని నమ్మాలో తేలక, కంబాలచెరువు వెళ్ళాల్సిన ఆటో ఒకసారి కోటిపల్లి బస్టాండులో తేలింది.

"మాస్టారూ, ఒక్క మాటండి" అంటూ వచ్చాడు కరస్పాండెంటు ఉదయభాస్కర్. ఆయన ఒక్క మాట అంటే కనీసం ఒక పీరియడు. "పోయినేడు వీడియో కేసెట్టు చూశారా? పైన పిల్లలు ఆడుతున్నారు, కింద మీరు ఆడుతున్నారు. స్క్రీను మధ్యలో మీ బట్టతల! చంద్రోదయం లాగుందండి. మా అమ్మాయిని చూద్దామని కేసెట్టు కొనుక్కుంటే మీ మాస్టార్ని చూపిస్తారేంటని పేరెంట్స్ గొడవ."

"మర్చిపోతారండి పిల్లలు. కింద నేను వేసి చూపిస్తుంటే పట్టుకుంటారు."

"ఈసారి మర్చిపోయినా పర్లేదు. మీరు మాత్రం లేవకండి. సోఫాలో గురువుగారిలా కూర్చోండి."

"కూర్చునే ఉంటానండి. ఇవాళ మా అమ్మగారొస్తున్నారు."

"అదేంటి, మీ అమ్మగారు పోయారు కదండీ?"

"నడక నేర్పినావిడ పోయారండి. నాట్యం నేర్పినావిడ ఉన్నారు."

ఆ మాట అని నవ్వి, జీవరాజు తట్టుకర్ర అందుకుని పడగల్ని మళ్ళీ మొదట్నించీ వెయ్యమన్నాడు.

*

మధ్యాహ్నం ఇంట్లో పాపాయమ్మ కుట్టుమిషను ముందు కూర్చుని పడగలకి అట్టలు కుడుతోంది. జీవరాజు కంచం ముందు కూర్చుని గాల్లోకి చూస్తున్నాడు.

"ఏవండీ, చేతులు తిప్పింది చాలు, ముద్ద కలపండి. చారులో ముద్రలు పడుతున్నారేంటి?"

"ఆవిడ బాగుందంటారేమోనే."

"అంటే మంచిదేగా!"

"నీకు తెలీదే" అన్నాడు జీవరాజు, గుక్కెడు నీళ్ళు తాగి.

పాపాయమ్మకి నిజంగానే తెలీదు. నాట్యం నేర్పిన మాణిక్యాంబ గారి ఇంట్లో లెక్కలు వేరు. ఆవిడ తిట్టిందంటే శిష్యుడికి ఇంకా ఆశ ఉన్నట్టు. "ఆ మెడేంట్రా, తిరగలి పిడిలాగా?" అని విన్న పిల్ల ఆ రోజు ఎగురుకుంటూ ఇంటికెళ్ళేది. ఎవరి వల్లా కాదని తేలిపోయినవాళ్ళతో మాత్రం ఆవిడ చాలా మర్యాదగా, "బాగుందమ్మా" అనేది. అంతే. వాళ్ళు మర్నాడు కుట్టుపనో టైపో నేర్చుకోవడానికి వెళ్ళిపోయేవారు.

జీవరాజు ఆవిడ దగ్గరకి చేరడం కూడా తిన్నగా జరగలేదు. తండ్రి లూథరన్ చర్చిలో గంట కొట్టేవాడు. గంట కొట్టే తండ్రికి గజ్జె కట్టే కొడుకు పుట్టాడు. క్రిస్మస్‌కి నక్షత్రం పట్టుకుని వీధులు తిరిగే గుంపులో వీడి కాళ్ళు పాటకన్నా ముందుండేవి. ఆ కాళ్ళని మొదట గుర్తుపట్టినవాడు రాజ్ కుమార్. పగలు సూర్రావు, రాత్రి రాజ్ కుమార్. జంగారెడ్డిగూడెం వైపు తీర్థాల్లో, జాతరల్లో రికార్డింగ్ డాన్సు ట్రూపు నడిపేవాడు. రాత్రిపూట కూడా నల్లకళ్ళజోడు తీసేవాడు కాదు, అందుకే స్టేజీ మీంచి తరచూ పడేవాడు. "అడుగు మర్చిపోతే నవ్వెయ్‌రా. నవ్వు మర్చిపోతే మాత్రం దిగిపో" అని నేర్పాడు. ఒక సీజను తిప్పుకున్నాక అతనే పంపేశాడు. "నా దగ్గర ఊపుందిరా, ఒడుపు లేదు. ఒడుపు కావాలంటే ధవళేశ్వరం పో. మాణిక్యాంబ గారని ఉంటారు."

ఒకప్పుడు జమీందార్ల పెళ్ళిళ్ళ మేజువాణీల్లో ఆడిపాడిన మనిషి ఆవిడ. వచ్చినవాణ్ణి కులం అడగలేదు, మతం అడగలేదు. "ఏదీ, కూర్చో" అంది. జీవరాజు చాప మీద బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు. "చాప మీద కాదురా, గాల్లో" అంది. మోకాళ్ళు వంచి అలా గాల్లో కూర్చోవడమే ఒక వర్షాకాలం పట్టింది. తర్వాత చిన్నపిల్లల్ని ఎదురుగా నిలబెట్టి నేర్పే పని వాడికి అప్పగించింది. కొంప మునిగింది అక్కడే.

టౌన్‌హాల్లో మొదటి ప్రదర్శన. అందరూ కుడికి వెళ్ళాలి, వెళ్ళారు. జీవరాజు అద్దంలోలాగా ఎడమకి వెళ్ళాడు. ఎదురొస్తున్న సత్యభామని, అంటే వెంకటదుర్గని, ఢీకొట్టాడు. సత్యభామకి ప్రాణం జడలో ఉంటుంది. ఆ జడ ఊడి జీవరాజు చేతిలోకొచ్చింది. ఏం చెయ్యాలో తోచక, రాజ్ కుమార్ నేర్పినట్టు నవ్వేశాడు. హాలంతా చప్పట్లు. తెర వెనక మాణిక్యాంబ గారు అతన్ని కాసేపు చూసి, చాలా మర్యాదగా అంది: "బాగుందిరా. ఇక పిల్లలకి నేర్పుకో."

అప్పట్నుంచి నేర్పుకుంటూనే ఉన్నాడు. ఊళ్ళో సగం మంది ఆడపిల్లలు అతని చేతుల మీదుగా, కాదు, అతని కాళ్ళ మీదుగా పెద్దవాళ్ళయ్యారు. చర్చిలో పాస్టరు గారు ఈ కృష్ణుడేంటయ్యా అని నిలదీస్తే, "కృష్ణుణ్ణి చూడకండి, బైబిల్లో ఉన్నట్టు పాము తల తొక్కడం చూడండి" అని సర్దిచెప్పాడు. పండక్కీ పబ్బానికీ ధవళేశ్వరం వెళ్ళి ఆవిడకి దణ్ణం పెట్టి వచ్చేవాడు. తన పని చూడమని మాత్రం ఎప్పుడూ పిలవలేదు. ఇప్పుడు ఆవిడ కళ్ళు మసకబారాయి. ఆపరేషనంటే ఒప్పుకోదు. తనని దగ్గరుండి చూసుకునే రామలక్ష్మితో తనే కబురు పెట్టింది: "వాడి పిల్లల్ని ఒకసారి చూపించమను. ఆ కాస్త వెలుగూ పోయేలోగా."

*

సాయంత్రం గట్టు రోడ్డు మీద ఆటో. మధ్యలో మాణిక్యాంబ గారు, అటు రామలక్ష్మి, ఇటు జీవరాజు. ఆవిడ పిడికెడు మనిషైపోయింది. నోట్లో పళ్ళు లేవు. చీరకి ఇస్త్రీ, ముక్కుకి బేసరి, మాటకి పదును మాత్రం అలాగే ఉన్నాయి.

"ఎవర్రా ఆటో తోలేది? వీడికి లయ లేదు. గోతిలో పడ్డాక బ్రేకేస్తున్నాడు."

"వినపడతాదండీ అమ్మగారూ" అన్నాడు గొంతు తగ్గించి జీవరాజు.

"వినపడాలనే. ఇవాళ ఏం ఆడిస్తున్నావు?"

"కాళింగ మర్దనమండి."

"పామెంతమంది?"

"తరగతి మొత్తమండి. ఎవర్ని తీసేసినా వాళ్ళ తల్లి పామైపోద్దండి."

ఆవిడ నవ్వినట్టే అనిపించింది. ఆటో కుదుపు కూడా కావచ్చు.

షామియానా కింద ముందు వరస సోఫాలో ఆవిణ్ణి కూర్చోబెట్టి, పక్కన మడతకుర్చీ వేసుక్కూర్చున్నాడు జీవరాజు. చేతులు తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాడు, లేవకుండా. వెనక వీడియో అతను స్టాండు మీంచి బొటనవేలు చూపించాడు. ఉదయభాస్కర్ దూరం నుంచి తల ఊపాడు.

పాట కేసెట్టు మొదలైంది. పాము వచ్చింది. తోక ఈసారి ఏడవలేదు. పడగలు లేచాయి. సారిక నెమలి పింఛంతో అడుగుపెట్టింది, మొదటి చరణం ముత్యాల్లా వేసింది. జీవరాజు ఊపిరి వదిలాడు. సరిగ్గా అప్పుడే సారిక ఎదురుగా ఉన్న జనాన్ని చూసింది.

నిలబడిపోయింది.

పాట సాగిపోతోంది. కృష్ణుడు ఆగితే పాము ఆగింది. పడగలు ఒకదాన్నొకటి చూసుకున్నాయి. సారిక కళ్ళు పైనెక్కడా ఆగలేదు. స్టేజీ కింద చీకట్లోకి, ప్రతి రిహార్సల్లోనూ మాస్టారు నిలబడే చోటుకి వచ్చి వెతుకుతున్నాయి. అక్కడ ఎవరూ లేరు. కింది పెదవి వణకడం మొదలైంది.

లేస్తే ఉదయభాస్కర్‌కిచ్చిన మాట పోతుంది. అది పోయినా రేపు సర్దుకోవచ్చు. కానీ పక్కన ఆవిడ ఉంది. ఈ పొట్టతో, ఈ బట్టతలతో, ఆవిడ కళ్ళముందు అన్నీ ఎడమవాటంగా ఆడితే ఆవిడ ఏమంటుందో అతనికి తెలుసు. చాలా మర్యాదగా అంటుంది. ఆ మాట ఈ జన్మకి రెండోసారి వినలేడు.

సారిక ముక్కు ఎగపీల్చింది. అది మైకులో జనమంతా విన్నారు.

జీవరాజు లేచాడు. జనానికి వీపు పెట్టి, స్టేజీకి ఎదురుగా, తను నిలబడే చోట నిలబడ్డాడు. మోకాళ్ళు వంచి గాల్లో కూర్చున్నాడు. ఎడం చెయ్యి లేచింది, పైన సారిక కుడి చెయ్యి లేచింది. ఎడం కాలు తొక్కాడు, పైన పాము తల వంగింది. పడగలన్నీ ఊపిరి పీల్చుకుని లేచాయి. "అయ్యో, మళ్ళీ చంద్రోదయం!" అని వెనక వీడియో అతను నెత్తి కొట్టుకున్నాడు. ఎవరో ఈల వేశారు. "మాస్టారే బాగా వేస్తన్నాడర్రా!" అన్నారు ఇంకెవరో. జీవరాజుకి ఏమీ వినపడలేదు. అతని ముఖం మీద వెన్నముద్ద దొంగిలించిన పిల్లాడి నవ్వు ఉంది. అది స్టేజీ మీది వాళ్ళకే కనపడింది. కింద ఉన్నవాళ్ళకి కనపడింది వీపూ, తడిసిన లాల్చీ, పల్చబడ్డ మోచేతులూ మాత్రమే.

పాట అయిపోయింది. చప్పట్లు సారికకి. ఆ పిల్ల అప్పటికే మళ్ళీ ఇడ్లీ తినేటప్పటి ముఖంలోకి వచ్చేసింది.

జీవరాజు రొప్పుతూ వచ్చి, మడతకుర్చీ ఎక్కే ధైర్యం లేక సోఫా పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఆవిడ స్టేజీ వైపు కళ్ళు చికిలించింది.

"పైన ఎవర్రా వాళ్ళు? రంగులు తప్ప నాకేం కనపళ్ళేదు."

"మన పిల్లలేనండి."

"నువ్వు దగ్గరున్నావు. నిన్నే చూశాను, మొదట్నించీ."

జీవరాజు తల దించుకున్నాడు. రావాల్సిన మాట కోసం మెడ చాపినట్టే ఉంది.

"ఎడం మోచెయ్యి జారిపోతోంది" అంది ఆవిడ.

"అండీ?"

"మోచెయ్యిరా! భుజానికి సమంగా ఉండొద్దూ? తడిబట్ట ఆరేసినట్టు వేలాడదీశావేంటి? చరణం మార్చేటప్పుడల్లా జారుతోంది. రేపు పొద్దున్నే ఇంటికి రా. పొట్ట నిండా తిని రాకు, కూర్చోలేవు. ఆలస్యమైతే గుమ్మం బయటే నిలబెడతాను, వయసు చూడను."

"వస్తానండి" అన్నాడు జీవరాజు. మళ్ళీ అన్నాడు. "తెల్లారేసరికే వచ్చేస్తానండి అమ్మగారూ."

పాపాయమ్మ వెనక వరసలోంచి వచ్చి, "ఏవన్నారండీ?" అంది గాభరాగా.

"తిట్టారే!" అన్నాడు. ముఖమంతా వెలిగిపోతోంది. "చాలా తిట్టారు. రేపు కూడా తిడతారట."

*

అప్పుడు ఉదయభాస్కర్ మైకు పట్టుకున్నాడు.

ముందు వరసవాళ్ళకి తలా ఒక పూతరేకు పంచారు. ఆత్రేయపురం నుంచి ఎవరో పేరెంటు పంపించారట. ఉదయభాస్కర్ విద్య గురించి మొదలుపెట్టి విలువల మీదుగా వివేకానికి వెళ్ళాడు, అక్కణ్ణించి తన బాల్యంలోకి దిగాడు. షామియానాలో తలలు వరిచేలల్లే వాలిపోయాయి. పాము మొత్తం స్టేజీ పక్కన చుట్ట చుట్టుకుని పడుకుంది. ఈసారి పడగలు పడక వేసినా ఎవరూ ఏమీ అనలేదు. రామలక్ష్మి కునికింది. జీవరాజు మాత్రం మెలకువగా ఉండి, చీకట్లో ఎడం మోచెయ్యి భుజానికి సమంగా ఎత్తుతూ, దించుతూ, మళ్ళీ ఎత్తుతూ ఉన్నాడు.

చివరికి వందన సమర్పణ అయింది, జనగణమనకి అందరూ లేచారు. ఉదయభాస్కర్ ప్రసంగంలో కళ్ళు మూసుకున్న వాళ్ళలో మాణిక్యాంబ గారు ఒక్కావిడే లేవలేదు.

"అమ్మగారూ" అని రామలక్ష్మి భుజం తట్టింది. మళ్ళీ తట్టింది. పేరెంట్లలో ఒక డాక్టరు గారు వంగి చెయ్యి పట్టుకుని చూశాడు. కాసేపు పట్టుకునే ఉన్నాడు. తర్వాత ఆ చేతిని మెల్లిగా ఆవిడ ఒళ్ళో పెట్టాడు. ఉదయభాస్కర్ వచ్చి నోరు తెరిచి, జీవితంలో మొదటిసారి ఏమీ మాట్లాడకుండా మూసుకున్నాడు.

జీవరాజు ఆవిణ్ణి రెండు చేతుల మీదా ఎత్తుకున్నాడు. బరువే లేదు. స్కూలు వ్యాను వరకూ నడిచాడు. చూసినవాళ్ళలో ఎవరికీ అర్థం కాలేదు గానీ, అతను దారంతా ఎడం మోచెయ్యి జారనివ్వలేదు.

వ్యాను వెళ్ళిపోయింది. షామియానావాళ్ళు కుర్చీలు మడిచారు, లైట్లు ఒక్కొక్కటే తీశారు. సోఫా ఎత్తడానికి వచ్చిన మనిషి కాస్త ఆగాడు. సోఫా చేతి మీద, కాగితం ముక్కలో, సగం తిన్న పూతరేకు ఉంది. కొరికిన చోట పంటిగుర్తు ఒక్కటీ లేదు.