ఒక నవలంత పగలు

నేను ఉల్లిపాయలు తరుగుతుంటే మా ఆయన అన్నాడు. “ఆదివారం కథల గురించి మాట్లాడు, చాలు. నవలల జోలి నీకెందుకు? ఎప్పుడైనా ఒక్కటి పూర్తిచేశావా?”

అబద్ధం కాదు కాబట్టే ఎక్కువ మండింది. ఆదివారం మా లైబ్రరీలో చదువరుల సమావేశం. నాకు ప్రాణమైన సైన్స్ ఫిక్షన్ రచయిత్రి కథలు గొప్పవా, నవలలు గొప్పవా అన్నది విషయం, మాట్లాడాల్సింది నేను. ఆవిడ కథలు నాకు కొట్టిన పిండి. బస్సులో ఒకటి, ఆఫీసులో లంచ్ డబ్బా తెరిచి మూసేలోపు ఒకటి, కుక్కర్ కూతల మధ్య ఒకటి చదివేశాను. ఒక కథలో ఒకామె చంద్రుడి మీద బట్టలు ఆరేస్తుంటుంది. అక్కడ గాలి లేదు, చొక్కా చేతులు కదలవు. భూమి నుంచి మొగుడి గొంతు ఇన్నాళ్లకు వినిపిస్తుంది. “నా నీలం చొక్కా ఎక్కడ పెట్టావు?” ఐదే పేజీలు. నేను దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

ఆవిడ నవలే చాంతాడులా అనిపించింది. తరాల తరబడి సాగే అంతరిక్ష నౌక, అందులో నీటి గొట్టాలు తుడిచే ఒకావిడ. పేజీల కొద్దీ తుడుస్తూనే ఉంటుంది. మొదలుపెట్టిన ప్రతిసారీ ఎవరో పిలిచేవారు, తిరిగొచ్చేసరికి ఎవరు ఎవరో మరిచిపోయేదాన్ని. పొట్టివాడికి పుట్టెడు బుద్ధులు, కథలే గొప్ప, నవల అతుకుల బొంత అని ఉపన్యాసం కూడా సిద్ధం చేసుకున్నాను.

ఈలోగా అత్తగారికి కంటి ఆపరేషన్ అయింది. తోడుగా నేను వెళ్లాను. “పుస్తకం పడితే ఈ పిల్లకి పాలు పొంగినా పట్టదు” అని వచ్చినవాళ్లందరికీ చెప్పే మనిషి, కళ్లకు కట్టుతో పడుకుని పొద్దున్నే విసుక్కుంది. “ఏదో ఒకటి చదువమ్మాయ్. పిచ్చెక్కుతోంది.”

ఆస్పత్రి గదిలో పొయ్యి లేదు. భోజనం వాళ్లే తెస్తారు. సంచిలో ఉన్న నవల తీసి పైకి చదవడం మొదలుపెట్టాను. నన్నెవరూ పిలవలేదు. గొట్టాలావిడ తుడుస్తూనే ఉంది, అత్తయ్య ఊ కొడుతూనే ఉంది. సగం పుస్తకం దాటాక గొట్టాలావిడ చేతిలోని గుడ్డ కింద పెట్టి, కిటికీ దగ్గరికి నడిచి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నక్షత్రాలు చూసింది. అంతే. పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఆగిపోయాను. ఆ తుడుపంతా ఆవిడతో పాటు మనమూ తుడిస్తే తప్ప ఆ కిటికీ విలువ మనకు తెలియదు. ఎంత గడుసుది ఈ రచయిత్రి! కథలో చురుక్కున గుచ్చి పోతుంది, నవలలో మనతో కాపురమే పెడుతుంది. అతుకులు నవలకి లేవు, నా రోజుకి ఉన్నాయి. ముక్కలు చేసుకుని చదివి, ముక్కలుగా రాసిందని ఆవిణ్ని ఆడిపోసుకున్నాను.

“ఆగావేం?” అంది అత్తయ్య. దుప్పటి సర్దుకుంటూ తనే అంది. “నేనేదీ చివరిదాకా విన్లేదే అమ్మాయ్. సినిమాకెళ్లినా సగంలో లేచొచ్చేసేదాన్ని, మీ మామగారికి భోజనం వేళైందని.”

అప్పుడే మా ఆయన ఫోన్. “ఆదివారం మా ఆఫీసు వాళ్లని భోజనానికి పిలిచాను. ఆ కథల గురించి పది నిమిషాలు చెప్పేసి వచ్చెయ్.”

“కథలకు పది నిమిషాలు చాలు. నవల గురించి కూడా మాట్లాడతాను. సాయంత్రమవుతుంది” అన్నాను.

“మరి వంట?”

నేను నోరు తెరిచేలోపే అత్తయ్య చెయ్యి చాచింది. ఫోన్ ఆమె చేతిలో పెట్టాను. “ఒరే, పాలు పొంగకుండా నువ్వు చూసుకో. మేం పనిలో ఉన్నాం” అని తిరిగి నాకిచ్చేసింది.

లేచి తలుపు గడియ వేసి, కిటికీ ఉన్న పేజీ మళ్లీ మొదటి నుంచి చదివాను.