వేలి మందం పైకి

మధ్యాహ్నం గంట కొట్టినా ఎవరూ లేవలేదు. బయట లారీ నిలబడి ఉంది. లోడు కదిలేదాకా అన్నం లేదని మేస్త్రీ పొద్దున్నే చెప్పాడు. రేకుల షెడ్డులో ఆడవాళ్ళు బల్లకు అటూ ఇటూ కూర్చుని మొక్కజొన్న పిండి పొట్లాల మీద 'తగ్గింపు ధర' స్టిక్కర్లు అంటిస్తున్నారు. గాలిలో తేలే పిండి వాళ్ళ కనుబొమల మీద వాలుతోంది. వంద పొట్లాలకిచ్చే కూలితో ఒక్క పొట్లం రాదు.

వాళ్ళలో ఒకామెను అందరూ కొలబద్ద అంటారు. కొలవకుండా అంటిస్తుంది, తర్వాత ఎవరు కొలిచి చూసినా వెంట్రుకవాసి తేడా ఉండదు. ఎవరి స్టిక్కరైనా వంకరపోతే మేస్త్రీ దాన్ని తెచ్చి ఆమె పొట్లం పక్కన పెడతాడు. వేరే తిట్టక్కర్లేదు.

ఈ రోజు ఆమె పొట్లాలే తేడాగా ఉన్నాయి. ప్రతి స్టిక్కరూ పడాల్సిన చోటికి వేలి మందం పైన పడుతోంది.

పక్కనున్న వదిన ముందు చూసింది. చుట్టరికం ఏమీ లేదు, ఒకే సందులో ఉంటారు గనక ఆ పిలుపు.

"ఏంటే, కళ్ళజోడు వయసొచ్చిందా?"

"కళ్ళు బానే ఉన్నాయి వదినా."

"మరి కిందికి దించు. వాడు చూశాడంటే ఇద్దర్నీ కలిపి వాయిస్తాడు."

కొలబద్ద దించలేదు.

స్టిక్కరు పడాల్సిన చోట ఒక వరస అచ్చయి ఉంది: 'జన్యుమార్పిడి చేసిన మొక్కజొన్నతో తయారైనది.' అలా వేయాలని కొత్తగా చట్టం వచ్చింది. కంపెనీ వేసింది. వేశాక కొందరు దుకాణంలో పొట్లం తిప్పి చూసి మళ్ళీ అరలో పెట్టేశారట. నెల తిరక్కుండా ఈ స్టిక్కర్లు దిగాయి, సరిగ్గా ఆ వరసంత పొడుగున, ఆ వరసంత వెడల్పున. అప్పట్నుంచీ కొలబద్ద అంటిస్తూనే ఉంది. కింద ఏముందో చదవలేదు. చదువు రాక కాదు. ఈ పనిలో కన్ను అంచుల మీదే ఉంటుంది, అక్షరాల మీదకు పోదు.

చదివించింది అత్త. చినిగిన పొట్లాలు అప్పుడప్పుడు పనివాళ్ళకిస్తారు. నిన్న సాయంత్రం కొలబద్ద ఒకటి ఇంటికి తీసుకెళ్ళింది. భర్త కాలు విరిగి మంచం మీద ఉన్నాడు. ఇంటికి ఈమె కూలే ఆధారం. అత్తకు చూపు ఆనదు. ఏ వస్తువైనా ముందు వేళ్ళతో తడుముతుంది. స్టిక్కరు అంచు తగలగానే గోరు దూర్చింది.

"దీని కింద ఏం దాచారే?"

"ఏం లేదత్తయ్యా, ధర తగ్గించారు. నేనంటించిందే."

"ఇంత చోటుండగా అడుగునెందుకు అంటించినట్టు?" అంటూ మొత్తం లాగేసింది. "ఇప్పుడు చదువు."

చదివింది. అత్త ఆ వరస ఉన్నచోట ఇంకోసారి తడిమింది. కాళ్ళలో సత్తువ ఉన్నన్నాళ్ళూ తట్ట నెత్తిన పెట్టుకుని ఆకుకూరలు అమ్మిన మనిషి ఆమె.

"నిన్నటి కట్టలు విడిగా పెట్టేదాన్ని. ఇవి నిన్నటివమ్మా అని చెప్పేదాన్ని. కొనేవాళ్ళు కొన్నారు, పోయేవాళ్ళు పోయారు. మీ ఆయన్ని అట్లాగే పెంచాను."

"మరి ఇది వండుదామా, వద్దా?"

"వండుతాను. తెలిసింది గనక వండుతాను. తెలియనివాళ్ళ సంగతి నువ్వు చూసుకో. కప్పింది నీ చెయ్యే కదా."

ఆ మాట తెల్లవారేదాకా ఆమెను నిద్రపోనివ్వలేదు.

ఇప్పుడు షెడ్డులో మేస్త్రీ బల్ల దగ్గరికి వచ్చాడు. ఒక పొట్లం తీశాడు. దాన్ని పెట్టేసి ఇంకోటి తీశాడు.

"ఇదేంటి?"

"స్టిక్కరండి."

వదిన నవ్వు ఆపుకోబోయి దగ్గింది.

"తెలుసులే. ఎక్కడంటించావని."

"వంకరగా ఉందేమో చూడండి."

చూశాడు. లేదు.

"చోటు తప్పు. దాని మీద పడాలి."

"దేని మీదండి?"

మేస్త్రీ ఆ వరస మీద వేలు పెట్టాడు గాని, నోటితో అనలేదు. "తింటే ఎవరన్నా చస్తున్నారా? మా ఇంట్లోనూ ఇదే పిండి."

"చస్తారని నేననలేదు. మేమూ నిన్న ఇదే తిన్నాం. మీరు తెలిసి తింటున్నారు, మేము తెలుసుకుని తిన్నాం. కొనుక్కునేవాళ్ళ కళ్ళు మూయడానికి నా చెయ్యే దొరికిందా?"

"నీ చెయ్యి కాకపోతే ఇంకోటి. గేటు దగ్గర ఎంతమంది ఉన్నారో చూశావా? ఇంట్లో మీ ఆయన ఎట్లా ఉన్నాడో కూడా గుర్తుంచుకో."

"గుర్తుందండి. పొద్దున కట్టు మార్చే వచ్చాను."

"అయితే అంటించు."

"అంటిస్తాను." ఒక పొట్లం ముందుకు లాక్కుంది. వేలి మందం పైన, దారం పట్టినట్టు అంటించి అతని ముందు పెట్టింది. "ఇక్కడైతేనే."

షెడ్డులో మిగతా చేతులు నెమ్మదించాయి. మేస్త్రీ ఆమె ముందున్న స్టిక్కర్ల చుట్ట తీసి వదిన ముందు పడేశాడు.

"దీని వాటా కూడా నువ్వే కానియ్. సరైన చోట."

కొలబద్ద లేవలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

వదిన ఒక స్టిక్కరు ఊడదీసింది. అది ఆమె చూపుడు వేలికి అంటుకుంది. పొట్లం దగ్గరికి తీసుకుంది. ఇన్నాళ్ళూ అంచులే చూసిన మనిషి, ఇప్పుడు ఆ వరస మీదికి వంగింది. పెదాలు ఒక్కో అక్షరానికీ మెల్లగా కదులుతున్నాయి.

బయట లారీ హారన్ కొట్టింది.

"కానియ్," అన్నాడు మేస్త్రీ.

స్టిక్కరు వదిన వేలి మీదే ఉంది. గాలిలో పిండి వచ్చి దాని జిగురు మీద కొద్దికొద్దిగా వాలుతోంది.