తడిగుడ్డ

బుల్లెమ్మ దబ్బనంలోకి పురికొస ఎక్కించి, బస్తా మూతి మడిచి కుట్టు వేసింది. బొటనవేలి మీద కాయ గవ్వలా గట్టిపడి ఉంది. దబ్బనం ఆమె మొగుడు మరియదాసుది. పట్టు జారకుండా అతను చుట్టుకున్న సైకిలు ట్యూబు ముక్క ఇంకా అలాగే ఉంది.

గుణదల నుంచి ఆటోలో ఈ బియ్యం గోదాముకు వస్తుంది. పోయినేడు దాకా ఈ కుట్టుపని మరియదాసుదే. రేకు కారి బస్తాలు తడుస్తుంటే నిద్రపోయాడని ఇన్‌చార్జి చిట్టిబాబు అందరి ముందూ గెంటేశాడు. ఆ మాట మింగలేక, అన్నమూ మింగలేక, మరియదాసు క్రిస్మస్‌కు ముందే పోయాడు. సమాధి దగ్గరికి చిట్టిబాబు దండ తెచ్చాడు. ఆ పని బుల్లెమ్మకే ఇచ్చాడు. దేవుడిలాంటోడు అంది వాడంతా. బుల్లెమ్మ చేతులు జోడించింది. పళ్ళు కూడా బిగించింది.

చేరిన కొద్దిరోజులకే సంగతి తెలిసింది. దొంగచాటుగా కొంత బియ్యం బయటికి పోతుంది. తూకానికి ముందురోజు సాయంత్రం చిట్టిబాబు మిగతా బస్తాల మీద తడి గోనెపట్టాలు కప్పిస్తాడు. తెల్లారేసరికి బియ్యం నీళ్ళు తాగి తూకం సరిపోతుంది. రేకు ఏనాడూ కారలేదు.

ఎవరు నమ్ముతారు? కాచుకుంది.

బెజవాడ కాలేజీ నుంచి డయానా అనే పరిశోధన విద్యార్థిని వచ్చి బస్తాలకు తెల్లటి కార్డులు కట్టింది.

"ఎలకల మందా అమ్మా?"

"కాదు పిన్నీ." డయానా ఊదా లైటు వేసింది. కార్డు నిప్పుకణికలా ఎర్రగా వెలిగింది. "యూరోపియం అని, రేర్ ఎర్త్ లోహం. దాని ఉప్పు పూశాం. పొడిగా ఉంటే ఇట్టా వెలుగుద్ది. తేమ తగిల్తే నీళ్ళు ఆ వెలుగుని తాగేస్తాయి. ఆరితే మళ్ళీ మామూలే."

"అబద్ధమాడదా?"

"ఆడటానికి నోరేదీ పిన్నీ!"

చిట్టిబాబు కూడా విన్నాడు. పట్టాలు కప్పించే ముందు కార్డులు విప్పి బల్ల సొరుగులో దాచేవాడు. పొద్దున్నే మళ్ళీ కట్టేవాడు. డయానా ఎప్పుడు చూసినా అన్నీ ఎర్రగానే వెలిగేవి.

డయానాను అడిగి తెచ్చుకున్న కార్డు ఒకటి బుల్లెమ్మ దగ్గర ఉంది. నిన్న సాయంత్రం దాన్ని బియ్యంలో పెట్టి బస్తా మూతి కుట్టేసింది.

ఇవాళ తూకానికి అధికారి వచ్చాడు. వెంట డయానా. లైటు కింద కార్డులన్నీ వెలిగాయి.

"ఎండుమిరపకాయలా ఉంటదండీ మా గోదాం," అన్నాడు చిట్టిబాబు.

బుల్లెమ్మ లేచింది. కొస పట్టి లాగితే కుట్టంతా ఒక్క ఊపున ఊడివచ్చే ముడి మరియదాసు నేర్పినదే. లాగింది. కార్డు తీసి డయానా చేతికిచ్చింది.

"దీని మీద కూడా వెయ్యమ్మా."

లైటు పడింది. కార్డు వెలగలేదు. అధికారి బస్తాలో చెయ్యి పెట్టి, గింజలు నలిపి, చిట్టిబాబు వైపు చూశాడు.

"ఏందే బుల్లెమ్మా! తిండి పెట్టినోడికా?"

"దేవుడిలాంటోరు కదండీ, తడిగుడ్డతో గొంతు కోస్తారనుకోలా. ఆ గుడ్డలు అవతల షెడ్డులో ఉన్నాయి. మీరు చూపిస్తారా, నన్ను చూపించమంటారా?"

హమాలీలు మూటలు దించి చుట్టూ చేరారు.

"రేకు కారిందా అండీ?" అని అడిగింది బుల్లెమ్మ.

చిట్టిబాబు గొణిగాడు.

"వినబళ్ళా. మా ఆయన్ని గెంటినప్పుడు గేటు దాకా వినబడింది మీ గొంతు."

"కారలేదు!" అని అరిచాడు. మెడ మీద చెమట కాలరులోకి జారింది. బుల్లెమ్మ దాన్ని కళ్ళారా చూసింది. ఇంకాసేపు చూసింది.

"నువ్వు సాక్ష్యం చెప్పాలమ్మా," అన్నాడు అధికారి.

"పిలవండి, వస్తా. పనికి మాత్రం రాను."

చేతులు కడుక్కుంది. ఆఫీసు గదిలోకి ఒక్క క్షణం వెళ్ళి, బయటికొచ్చి, గేటు దాటిపోయింది.

చిట్టిబాబు కుర్చీ దిండులో దబ్బనం నిలువునా గుచ్చి ఉంది. బెజ్జంలోంచి మూరెడు పురికొస ఇంకా ఊగుతోంది.