నేర్పించిన నాలుగు మాటలు

పిల్లల కోర్టులో మా సంస్థ వాలంటీర్ల పని ఒకటే. కేసులో ఇరుక్కున్న పిల్లల పక్కన కూర్చుని, మేజిస్ట్రేటు ముందు ఎలా మాట్లాడాలో నేర్పించడం. తప్పు చేశావా లేదా అని మాత్రం అడగం. అది వకీలు చూసుకుంటాడు, మనం వేలు పెట్టకూడదని మా సంస్థ నడిపే పెద్దాయన గీసిన గీత. రిటైరైన హెడ్మాస్టరు కదా, గీతలంటే ప్రాణం.

నేను స్కూలు యూనిఫారాలు కుట్టే టైలర్ని. మంగళవారం షాపుకి తాళం వేసి ఇక్కడికొస్తాను. "సొంత పిల్లల్ని గాలికొదిలేసి ఊరి పిల్లల్ని ఉద్ధరిస్తున్నావు" అని మా ఆయన దెప్పుతుంటాడు. దెప్పనీ. మా పిల్లలకి ఆయనున్నాడు, వీళ్లకెవరున్నారు?

ఆ మంగళవారం నాకు అప్పగించిన పిల్లకి పదిహేనేళ్లు. సెలవుల్లో బ్యూటీ పార్లర్లో ఊడ్చే పనికి వెళ్లేది. ఓనరమ్మ ఫోను పోయింది, నేరం ఈ పిల్ల నెత్తిన పడింది. బుద్ధిగా ఒప్పుకుంటే అమ్మమ్మతో ఇంటికి పంపుతారు, పొగరుగా కనిపిస్తే ప్రభుత్వ బాలికల హోముకే. అందుకని వరండాలో కూర్చోబెట్టి బట్టీ పట్టించాను. "తప్పయిపోయిందండీ. ఇంకెప్పుడూ చెయ్యను. అమ్మమ్మ మాట వింటాను. బాగా చదువుకుంటాను." కాసేపటికే గడగడా అప్పజెప్పింది. ఎంత మురిసిపోయానో!

లోపల కూడా తల వంచుకుని అక్షరం పొల్లుపోకుండా చెప్పింది. మేజిస్ట్రేటమ్మ మొహం మెత్తబడింది.

"సరే. ఆ ఫోను ఏం చేశావమ్మా?"

పిల్ల తెల్లమొహం వేసి నా వైపు తిరిగింది. "పిన్నీ, ఇది మనం నేర్చుకోలేదు కదా?"

గుమాస్తా కిసుక్కున నవ్వాడు. ఫోను తీసిన పిల్లయితే జవాబు నేర్చుకోవాల్సిన పనేముంది? నేను లేచి నిలబడ్డాను.

"కూర్చోమ్మా, పని చెడగొట్టకు" అని పక్క కుర్చీలోంచి పెద్దాయన గొణిగాడు.

"చెడగొట్టేశాం సార్, ఇంకేం మిగిలింది?"

"మీకిక్కడ మాట్లాడే అనుమతి లేదు" అంది మేజిస్ట్రేటమ్మ.

"లేదు మేడమ్. బయటికి పంపండి, వెళ్తాను. కానీ ఆ మాటలు నావి, పిల్లవి కావు. దయచేసి రాసుకోకండి."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, పెన్ను పక్కన పెట్టింది. "నువ్వు చెప్పమ్మా. ఆవిడ వైపు చూడకు."

నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను.

"నేను తియ్యలేదండీ. అద్దాలు తుడిచి వెళ్లిపోయాను. పోలీసులొచ్చాకే నాకు తెలిసింది."

"మరి తప్పయిపోయిందన్నావే?"

"అలా అంటే ఇంటికి పంపిస్తారన్నారు."

"నిజం ముందే ఎందుకు చెప్పలేదు?"

"ఎవరూ అడగలేదండీ."

సిగ్గుతో చచ్చిపోయాను. పార్లర్లో మళ్లీ విచారణ జరపాలనీ, అంతవరకూ పిల్ల అమ్మమ్మ దగ్గరే ఉండాలనీ మేజిస్ట్రేటమ్మ చెప్పింది. బయట ఆ ముసలావిడ మనవరాలి చెయ్యి పట్టుకుంటే ఒక పట్టాన వదల్లేదు.

పెద్దాయన మాత్రం నా మీద విరుచుకుపడ్డాడు. "ఇంకోసారిలా చేస్తే మన సంస్థని గుమ్మం తొక్కనివ్వరు!"

"అలాగైతే గుమ్మం బయటే కూర్చుంటాను సార్. రావడం మాత్రం మానను."

ఇంతలో బంట్రోతు వచ్చి తర్వాతి పిల్లని పిలిచాడు. నేను ఆ పిల్ల పక్కన చేరాను.

"కాస్త ఆగమనండి. ఈ పిల్ల ఏం చెప్తుందో నేనింకా వినలేదు."