నాలుగో వాల్వు

…అయినా రమ్మని పిలుస్తూనే రాకపోయినా ఏమీ అనుకోనులే అని అక్క ఎందుకనాలి, ఆదివారానికి మీ బావకి అరవై నిండుతాయిరా, మనవాళ్లమే నలుగురం కూర్చుని భోంచేద్దాం అంది, పనుందక్కా, శుక్రవారం ఆఫీసులో పాత కంప్యూటరు మిషను పీకేస్తున్నారు అన్నాను, శుక్రవారం పీకేస్తే ఆదివారానికేమొచ్చిందిరా అని అడగలేదు పాపం, సరేలే అంది, ఫోన్లో వెనకనుంచి ఎప్పటిలాగే బావ గొంతు, పాప ఎలా ఉందో కనుక్కో అని, నాతో ఒక్క ముక్క మాట్లాడటానికి నోరు రాదు గానీ మా పాప సంగతి మాత్రం కావాలి, పదకొండేళ్లుగా ఇదే వరస, మెడ పట్టేసింది, స్క్రీను నిండా పద్నాలుగు వందల హెచ్చరికలు, ఈ కొత్త కంపైలర్‌కి నోరెక్కువ, నేను రాసిందాన్ని మిషనుకి అర్థమయ్యేలా మార్చిపెట్టమంటే ఇదేమిటి అదేమిటి అని తనిఖీకొచ్చిన ఆఫీసరులా ప్రతి వాక్యం దగ్గరా నిలబడుతుంది, పాతది ఇరవై ఏళ్లు కిమ్మనకుండా పని చేసింది, దాన్ని తీసేసి ఈ కొత్త ఆపరేటింగ్ సిస్టం మీదికి ఇదంతా మోసుకురావాలి, మూడు వారాలైంది, కళ్లు మండుతున్నాయి.

ఊరికి నీళ్లొదిలే ప్రోగ్రాం ఇది, ఏ వాల్వు ఎప్పుడు తెరవాలో, ఎన్ని నిమిషాలు తెరిచి ఉంచాలో చెబుతుంది, నేనూ బావా పక్కపక్క కుర్చీల్లో కూర్చుని రాశాం, వాల్వుల లెక్క నాది, గడియారం భాగం ఆయనది, నన్ను ఈ ఉద్యోగంలో పెట్టించిందీ ఆయనే, బామ్మర్దీ, మీ అక్క పోరు పడలేక పెట్టించాను, నా పరువు తియ్యకు అని అందరిముందూ ఆటపట్టించేవాడు, ఇదిగో మళ్లీ నాలుగో వాల్వు, పొద్దున్నించి ఇదే, పాత మిషను మీద నలభై నిమిషాలు అంటోంది, కొత్తదాని మీద ముప్ఫై రెండు వేల నిమిషాలు అంటోంది, అంటే ఇరవై రెండు రోజులు వదిలేయమని, ఊరు మునిగిపోదూ, అదే కోడు, అక్షరం మారలేదు, మా మేనేజరు వచ్చి వెనక నిలబడ్డాడు, గడువు తప్ప ఇంకో మాట రాని మనిషి, అందుకే ఆయన్ని గడువుగారు అంటాం, ఏమండీ, శుక్రవారానికి అయిపోతుందా, అయిపోతుందండీ, నాలుగో వాల్వేమిటి అలా చూపిస్తోంది, కంపైలర్ తేడా అండీ, మూడు వారాలుగా దేనికైనా నా దగ్గర ఈ జవాబే ఉంది, ఆయన తలూపి వెళ్లిపోయాడు.

నాలుగో వాల్వు, ఆ రోజు కూడా ఇదే, పదకొండేళ్ల కిందట, మూసుకోవాల్సిన వేళకి మూసుకోలేదు, ట్యాంకు పొంగి మెట్లమీదుగా నీళ్లు దూకాయి, కింద పంపు దగ్గరున్న పెద్దాయన జారిపడితే కాలు విరిగింది, ఇప్పటికీ కుంటుతూనే నడుస్తాడు, మర్నాడు మీటింగులో ఎవరి భాగంలో తప్పని అడిగారు, వేళ దాటింది కాబట్టి గడియారం అయ్యుంటుందండీ, అది మా బావ రాసింది అన్నాను, నా భాగం నేను చూసుకోలేదు, చూడకుండానే అనేశాను, ఆ నెలలోనే పాపకి గుండె ఆపరేషను, ఈ ఉద్యోగం ఉంటేనే ఆ ఆసుపత్రి ఖర్చు ఆఫీసు ఇస్తుంది, చూడటానికి భయమేసింది, అంతే, బావ నావైపు ఒకసారి చూశాడు, రెండు రోజులు తలెత్తకుండా కూర్చుని ఏదో చేసుకున్నాడు, మూడోరోజు రాజీనామా ఇచ్చేసి ఒక ట్యూషన్ సెంటర్లో లెక్కలు చెప్పుకోవడానికి వెళ్లిపోయాడు, ఆయన గడియారాన్ని నేను తిరగరాశాను, మళ్లీ ఆ తప్పు రాలేదు, భుజం తట్టి మెచ్చుకున్నారు కూడా.

హెచ్చరికల్లో ఎనిమిది వందల పన్నెండోది, విలువ ఇవ్వకుండానే వాడుతున్నారు అంటోంది, ఏది, ఎక్కడ, వాల్వుల లెక్కలో, నా ఫైల్లో, నిమిషాలు కూడటం మొదలుపెట్టేముందు సున్నా పెట్టాలి, పెట్టలేదు, పలక తుడవకుండా లెక్క మొదలుపెట్టినట్టు, ఆ చోట అంతకుముందు ఏ చెత్త అంకె మిగిలి ఉంటే దానిమీదే కూడుకుంటూ పోతుంది, ఒక్కోసారి సరిగ్గానే వస్తుంది, ఒక్కోసారి ఊరు ముంచుతుంది, అయ్యో, నాది, ఇది నేను రాసిందే, మరి ఈ పదకొండేళ్లూ ఎందుకు రాలేదు, అక్కడ సున్నా ఎవరు పెట్టారు, ఆగు, సోమవారం ఏదో తీసేశాను, కంపైలర్‌కి ఏమేం చెయ్యాలో చెప్పే ఫైలుంటుంది, అది బావది, ఆయన ఫైళ్లు నేను తెరవను, తెరవబుద్ధి కాదు, ఈ ఆప్షన్ నాకు తెలియదు అని కొత్త కంపైలర్ మొరాయిస్తే వెళ్లి కళ్లు సగం మూసుకుని ఆ రెండు వరసలూ చెరిపేశాను, పాత కాపీ తెరిచాను, పదిహేడో వరస, ప్రతి చోటా ముందుగా సున్నా నింపు అని, దానిమీద చిన్న గమనిక, బామ్మర్దీ, ఇది తియ్యకు, తేదీ ఉంది, ఆయన రాజీనామా ఇచ్చిన రోజు.

నా ఫైల్లో బావ ఒక్క సున్నా పెడితే సరిపోయేది, ఒక్క నిమిషం పని, కానీ ఎవరి ఫైల్లో ఎవరు ఏం మార్చారో తేదీతో సహా నమోదవుతుంది, పెడితే తప్పెవరిదో లోకానికి తెలిసిపోయేది, అందుకే నా ఫైలు ముట్టుకోలేదు, బయటినుంచి మొత్తం మిషను నిండా సున్నాలు పోయించి వెళ్లాడు, దానివల్ల ప్రోగ్రాం నెమ్మదించింది, పోతూ పోతూ మీ బావ చేసిన నిర్వాకం చూడు అని ఆఫీసంతా నవ్వితే నేనూ నవ్వాను, ఛీ, నేనూ నవ్వాను, గడువుగారు మళ్లీ వచ్చాడు, దొరికిందా, కంపైలర్ తేడానే కదా, అవునండీ అంటే అయిపోతుంది, నాలుక చివరిదాకా వచ్చింది, కాదండీ, నా తప్పు, ఇప్పటిది కాదు, ఆ పెద్దాయన కాలు విరిగిందే, అప్పటిది, బావది కాదు, నాదే, రాసివ్వగలరా అన్నాడు గడువుగారు, ఇస్తానండీ అన్నాను, సున్నా పెట్టాను, కొత్తదాని మీదా నలభై నిమిషాలే వచ్చింది, ఫోను తీశాను, ఏమిట్రా, ఆదివారం కుదిరిందా, ఆదివారం కాదక్కా, ఇప్పుడే వస్తున్నా, బావని ఎక్కడికీ వెళ్లొద్దను, ఎందుకురా, వెనకనుంచి ఎవరూ అని ఆయన, తమ్ముడు అని అక్క, ఎప్పటిలాగే పాప ఎలా ఉందో కనుక్కో అన్నాడు, పాప ఇప్పుడు మెట్లు రెండేసి చొప్పున ఎక్కేస్తుంది బావా, నాతో మాట్లాడటం ఇష్టంలేక ఆ ఒక్కమాటతో సరిపెడుతున్నాడనుకున్నాను ఇన్నేళ్లూ, కాదు, తను ఎవరికోసం ఆ కుర్చీలోంచి లేచి వెళ్లిపోయాడో ఆ పిల్ల బాగుందా లేదా అని అడుగుతున్నాడు.