పసుపు తిరిగిన మల్లెపొద

సుగుణమ్మ అనుమానం సంగతి ఆళ్లగడ్డలో తెలియనివాళ్లు లేరు. పాలవాడు పోసిన పాలను నేల మీద చుక్క వేసి చూడందే లోపలికి తీసుకుపోదు. మొగుడు కాశీవిశ్వనాథం తన సొంత కిరాణా కొట్లోంచి తెచ్చిన కందిపప్పును సైతం చేటలో పోసి రెండుసార్లు చెరుగుతుంది. "మన కొట్టే గదా!" అని ఆయన మొత్తుకుంటే, "కొట్టు మనదే, పప్పు నువ్వు పండించినావా?" అంటుంది. ఇంకేం మాట్లాడతాడు పాపం!

అలాంటి మనిషి వాకిట్లో గుండుమల్లె పొద పసుపు తిరిగితే ఊరుకుంటుందా? ఆకుల ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి, మధ్యంతా వెలిసిపోయింది. నిరుడు గంపల కొద్దీ పూసిన పొద ఈ ఎండాకాలం గుప్పెడు పూలు కూడా ఇవ్వలేదు.

ఆ పొదకు ఎరువు వేసేది వెనక వీధి మస్తాన్‌బీ. ఆమెకు పదకొండు మేకలు. వాటి ఎరువును మాగబెట్టి, జల్లెడ పట్టి, వేపపిండి కలిపి చుట్టుపక్కల ఆరిండ్ల మొక్కలకు వేస్తుంది. మొగుడు పోయినప్పటి నుంచి ఆ ఆరిండ్ల మీదే ఆమె పొయ్యి వెలుగుతోంది.

తప్పు ఆ ఎరువుదేనని సుగుణమ్మ తేల్చేసింది. తేల్చి నోరు మూసుకున్నా బాగుండేది. శుక్రవారం కన్యకాపరమేశ్వరి గుడిలో పక్కన కూర్చున్నవాళ్ల చెవిన వేసింది.

"మస్తాన్‌బీ ఎరువులో ఏందో కలుపుతాండాది. నా మల్లె సచ్చిపోతాంది. మీరూ చూసుకోండి మే."

వారం తిరక్కుండా నాలుగిండ్లు మస్తాన్‌బీని ఇక రావద్దన్నాయి.

అయినా సుగుణమ్మకు రుజువు కావాలి. పాదులోంచి గుప్పెడు మన్ను, నాలుగు ఆకులు కవర్లో కట్టుకుని నంద్యాల బస్సెక్కింది. అక్కడ సేంద్రియ ఎరువులు అమ్మే జయప్రకాష్ ఆకును వెలుతురుకు పట్టి చూశాడు.

"ఇనుము అందక ఇట్లయితాదమ్మా."

"ఇంగ నీ కొట్లో ఉండేదంతా కొనమంటావు, అంతేనా?"

ఆమె చూపు సంచుల మీద తిరిగింది. వర్మీకంపోస్టు, వేపపిండి, సముద్రపు నాచు, ఎముకల పొడి. చివరిది చదవగానే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

జయప్రకాష్ నవ్వలేదు. నిమ్మకాయ కోసి ఆ మన్ను మీద పిండాడు. మన్ను బుసబుసమని పొంగింది.

"చూసినారా? సున్నం. మన నల్లరేగడిలో కొంత ఉండేదే గానీ, ఇంత ఉండదు. మన్నులో ఇనుము ఉన్నా ఈ సున్నం దాన్ని చెట్టుకు అందనీదు. యాడ్నుంచో వచ్చి పడుతాండాది. ఏమేం వేస్తాండారు?"

"మేకెరువు, వేపపిండి. అంతే."

"ముందు ఆ సున్నం యాడ్నుంచి వస్తాందో కనుక్కొని ఆపండి. తర్వాత వర్మీకంపోస్టు వేసి, పులిసిన మజ్జిగ పోయండి. ఈ పొద్దు ఏమీ కొనొద్దు."

అమ్మేవాడు కొనొద్దంటాడా? ఇందులో ఏం మతలబు ఉందోనని బస్సు శిరివెళ్ల దాటేదాకా ఆయన్నే అనుమానించింది. అయితే సున్నం అన్న మాట మాత్రం పట్టుకుంది. ఎరువు తూకం పెంచడానికి మస్తాన్‌బీ సున్నం కలుపుతోంది! ఇంకేం కావాలి?

బస్సు దిగి, బజార్లో ఒక నిమ్మకాయ కొనుక్కుని నేరుగా వెనక వీధికి పోయింది. మస్తాన్‌బీ ఎరువు జల్లిస్తోంది.

"ఆ సంచి మూతి విప్పు మే."

మస్తాన్‌బీ ఎందుకని అడగలేదు. విప్పింది. సుగుణమ్మ నిమ్మకాయ పిండి, వంగి చూసింది. నురగ లేదు, చప్పుడు లేదు. రెండో సంచి మీదా పిండింది. వేపపిండి మీదా పిండింది. ఏమీ కాలేదు.

"ఇవి కొత్త సంచులేమోలే," అని గొణుక్కుంటూ ఇంటికి వచ్చింది. ఆమెనా ఒప్పుకునేది!

మర్నాడు పొద్దున వాకిలి ఊడ్చింది. వేసిన ముగ్గును కాళ్ల కింద పడనీయకూడదని, పెంటలో పారేయకూడదని ఆ ఇంటి ఆచారం. అత్తగారి కాలం నుంచీ ఊడ్చిన ముగ్గంతా మల్లె పాదులోకే పోతుంది. అప్పట్లో అది బియ్యప్పిండి. చీమలు పడుతున్నాయని ఏడాదిన్నరగా సుగుణమ్మ తెల్ల రాతిపొడితో వేస్తోంది. రోజూ పెద్ద ముగ్గే.

ముగ్గు ఎత్తిన చేటను పాదు మీదికి వంచబోయి ఆగిపోయింది. లోపలికి పోయి నిమ్మచెక్క తెచ్చి ఆ పొడి మీద పిండింది. నిన్న నంద్యాలలో పొంగిన దానికంటే ఎక్కువ పొంగింది.

వాకిట్లో ఎవరూ లేరు. రేపటి నుంచి ముగ్గు ఊడ్చి వేరేచోట పోస్తే సరిపోతుంది. పొద కోలుకుంటుంది, ఎవరికీ ఏమీ తెలియదు. అలా అనుకోలేదని చెప్తే అబద్ధమే. కాసేపు అనుకుంది. తర్వాత తన మీద తనకే రోత పుట్టి, చేట అక్కడే పడేసి వెనక వీధికి నడిచింది.

దొడ్లో మేకలు తక్కువగా కనిపించాయి.

"రెండు అమ్మేసినానక్కా," అంది మస్తాన్‌బీ. "నాలుగిండ్లు పోయినాయి గదా. మేత యాడ్నుంచి తెచ్చేది?"

సుగుణమ్మ మిగిలిన మేకల వైపు చూసింది. "తప్పు నాదే మే. నీ ఎరువులో ఏం లేదు. నా ముగ్గే ఆ చెట్టును చంపుతాండాది."

"నాకు తెలుసక్కా."

"తెలుసా! ఎప్పట్నుంచి?"

"ఏడాదిగా చూస్తాండా. ఎరువేసేటప్పుడు పాదులో తెల్లగా పేరుకొని ఉంటాది."

"మరి చెప్పేదానికేం, నోరు లేదా నీకు?"

"చెప్తే ఏమంటావ్? సాయిబులదానివి, ముగ్గు గురించి నీకేం తెలుసంటావ్."

అననని చెప్పబోయింది సుగుణమ్మ. సరిగ్గా అదే అని ఉండేది, ఆ మాటలతోనే.

"అనేదాన్నే మే," అంది చివరికి. కండ్లు తుడుచుకుని మస్తాన్‌బీ చెయ్యి పట్టుకుంది. "లెయ్. ఆ నాలుగిండ్లకూ పోదాం. నేనే చెప్తా, నువ్వు పక్కన నిలబడు."

మస్తాన్‌బీ మెల్లగా చెయ్యి విడిపించుకుంది.

"నువ్వొక్కదానివే పోక్కా. నేను పక్కన ఉంటే, నేనే నీతో చెప్పిస్తాండానని అనుమానపడతారు."

సుగుణమ్మ ఒక్కతే మొదటి ఇంటివైపు నడిచింది.