పది లక్షల మంది చూశారు

"ఆడోళ్లు ఫోన్ సూస్తే ఉన్న తెలివి గూడ పోతది. గా సామి మంచిగ జెప్పిండు" అన్నాడు మొగుడు దినేష్, మంచం మీది నుంచి లేవకుండానే. స్వరూప అంట్లు తోముతోంది. ఆ సామి చెప్పింది కూడా ఫోన్‌లోనే.

పెబ్బేరులో ఇంటర్ ఫస్ట్ క్లాసులో పాసైన స్వరూప పెళ్లయిన ఎనిమిదేళ్లుగా ఈ మాట వింటూనే ఉంది. తమ్ముడిచ్చిన పాత ఫోన్‌లో, అన్నం ఉడికేలోగా, వేరుశనగ ఆకుమచ్చకు మందు వెతికితే, "పనేం లేనట్టుంది" అనేది అత్త జానకమ్మ. ఆ మందుతోనే పంట నిలబడింది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. మొగుడు పొద్దంతా చూస్తే లోకజ్ఞానం, తను పది నిమిషాలు చూస్తే చెడిపోవడం.

ఆ సాయంత్రం వీధిలో ఆడుకుంటున్న ఆరేళ్ల కూతురు కావ్య పిక్కను కుక్క పట్టింది. స్వరూప గబగబా ఫోన్‌లో చూసి, పిల్ల కాలు నల్లా కింద పెట్టి సబ్బుతో కడగసాగింది. పావుగంట కడగాలి. ఆలస్యం చేయకుండా సూది వేయించాలి.

దినేష్ ఫోన్ చూపిస్తూ వచ్చాడు. "సూది వద్దు. మిర్పకాయ ముద్ద పెట్టి కడ్తే విషం గుంజుకుంటదంట. పది లక్షల మంది సూసిండ్రు."

"ఎంతమంది సూస్తే ఏంది? పిచ్చికుక్కయితే పిల్ల దక్కదు. దవాఖానకు పోదాం, బండి తియ్యి."

"నాకే తెలివి సెప్తున్నవా?" ఆమె ఫోన్ లాక్కొని బండకేసి కొట్టాడు.

జానకమ్మ అప్పటికే మిరపకాయలు నూరుతోంది. "మొగోడు సెప్తే ఇనాలె."

స్వరూప ఒళ్లు భగ్గుమంది. ఇన్నేళ్లూ వినీ వినీ ఊరుకుంది. బిడ్డ ప్రాణం మీద కూడా వినాలా? నూరిన కారాన్ని మోరీలో పారబోసి, కావ్యను చంకనెత్తుకొని రోడ్డెక్కింది. వచ్చిన ఆటోను ఆపి ఎక్కింది.

దవాఖానలో గాయం చుట్టూ, చేతికీ సూదులు వేసిన నర్సు, "కడిగి తెచ్చినవ్, మంచి పని జేసినవమ్మా" అంది. ఎవరైనా తనను మెచ్చుకొని ఎన్నాళ్లయిందో. స్వరూపకు కళ్లు మండాయి.

మర్నాడు పొద్దున ఆ కుక్క నురగలు కక్కుతూ చచ్చిపోయింది. జానకమ్మ వెళ్లి చూసొచ్చి, మనవరాలి పక్కన కూర్చుంది.

పక్కింటి బాలన్న పలకరించడానికి వచ్చాడు. "నేనే ఫోన్ల సూసి, జల్ది దవాఖానకు తీస్కపో అని జెప్పిన" అంటున్నాడు దినేష్.

చాయ్ తెస్తున్న స్వరూప గడపలోనే ఆగింది.

"అబద్ధం బాలన్నా. ఈయన కారం పెట్టుమన్నడు. నా ఫోన్ పలగ్గొట్టిండు. నేనొక్కదాన్నే పిల్లనెత్కొని పోయిన."

బాలన్న తల దించుకున్నాడు. స్వరూప గ్లాసు ఆయన చేతికిచ్చి, మొగుడి ముందు చెయ్యి చాపింది.

"ఎల్లుండి రెండో సూది. పిల్లను నువ్వు తీస్కపో. నీ ఫోన్ నాకియ్యి. ఇగ అది నాతాన్నే ఉంటది."

దినేష్ తల్లి వైపు చూశాడు. జానకమ్మ కావ్య కాలి గాయం మీది నుంచి చూపు తిప్పలేదు.

"ఇయ్యిరా" అంది.